ముందే వెళ్ళిపోయిన చేతులు

ఆ వసంతమంతా మా ఇంట్లో ఒక మోకాలు కాపురం చేసింది. అది లేస్తే అందరం లేచేవాళ్ళం. అది వరండా మెట్లు దిగుతుంటే వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయేది. దానికి ఐసు పెట్టే వేళకి నాన్న టీవీ గొంతు తగ్గించేవాడు. అది మా అక్క బెర్నీ భర్త రాయిస్ టార్ల్‌టన్ కుడి మోకాలు. రాయిస్ మా టొలీడో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి క్వార్టర్‌బ్యాక్. ఆటలో ప్రతి ఎత్తూ అతని చేతిలోంచే మొదలవ్వాలి. ఆ చేతికి బంతి అందించే సెంటర్‌ని నేను.

వరుస మధ్యలో నేను వంగి నిలబడతాను. బంతి నేలమీద నా చేతి కింద ఉంటుంది. అతను నా వెనకే, నన్ను ఆనుకుని, రెండు చేతులూ నా తొడల మధ్య పెట్టి కేక వేస్తాడు. ఆ కేకకి బంతిని వెనక్కి, అతని అరచేతుల్లోకి కొడతాను. విసరడానికి అతను వెనక్కి అడుగులు వేస్తుంటే, నేను తలెత్తి, అతని మీదికి దూసుకొచ్చేవాణ్ణి ఆపుతాను. తొమ్మిదేళ్ళుగా ఇదే మా పని. ఆటలో అతని ముఖం నేను చూసింది తక్కువ. చేతులు మాత్రం తెలుసు. చలి వేసిన రోజు, అక్కతో మాటామాటా వచ్చిన రోజు, కోచ్‌తో అబద్ధం చెప్పి వచ్చిన రోజు, అన్నీ ఆ చేతుల బరువులో తెలిసిపోయేవి. తెలిసిపోతున్నాయని నేను అనుకునేవాణ్ణి.

అక్టోబరులో ఒక ఆటలో ఎదుటి జట్టువాడు నన్ను ఎత్తి వెనక్కి తోశాడు. నేను వెళ్ళి రాయిస్ కాలిమీద పడ్డాను. నా బరువు నూట నలభై కిలోలు. ఎవరి తప్పూ కాదన్నారు, ఆటలో ఇవి మామూలే అన్నారు. ఆపరేషన్ అయ్యాక మెట్లెక్కే పని లేని గది కావాలని బెర్నీ అతన్ని నాన్న ఇంటికి తీసుకొచ్చింది. పై గదిలో అప్పటికే నేను ఉంటున్నాను.

ఏప్రిల్ చివర్లో డ్రాఫ్ట్ ఉంటుంది. కాలేజీల్లోంచి వచ్చే కొత్త ఆటగాళ్ళను జట్లన్నీ వంతులవారీగా ఎంచుకుంటాయి. రాయిస్ స్థానంలోకి మావాళ్ళు ఎవరినైనా తెచ్చుకుంటారా లేదా అన్నదే ఊరంతటి ప్రశ్న. నాకైతే అది ఒక్క ప్రశ్న కాదు. అతను పోతే నేనూ పోయినట్టే. కొత్త క్వార్టర్‌బ్యాక్ ముప్పై నాలుగేళ్ళ సెంటర్‌ని ఎందుకు ఉంచుకుంటాడు? ఇంకొకటి కూడా ఉంది. ఆ మోకాలు బాగుపడితే నేను పడటం ఒక ప్రమాదం. బాగుపడకపోతే అది నేను చేసిన పని.

అందుకని అందరినీ గమనించడం మొదలుపెట్టాను.

*

నాన్న గాజు ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసి రిటైరైనవాడు. ఆ వసంతంలో ఆయనకొక రహస్య జీవితం ఏర్పడింది. మధ్యాహ్నం రేడియోలో ఆటల కబుర్ల కార్యక్రమం వస్తుంది. శ్రోతలు ఫోన్ చేసి వాదించుకుంటారు. నాన్న గ్యారేజీ తలుపు వేసుకుని, పెర్రీస్‌బర్గ్ నుంచి ఫ్రాంక్‌ని అని మారుపేరు చెప్పి ఫోన్ చేసేవాడు. వంటింట్లో రేడియో పెట్టే ఉండేది కాబట్టి అల్లుణ్ణి ఆయన వెనకేసుకు రావడం మేమందరం వినేవాళ్ళం.

"జట్టుకి ఏం కావాలో నేను చెబుతా వినండి," ఫ్రాంక్ అనేవాడు. "ఎడమ పక్కన ఒక గోడలాంటి మనిషి కావాలి. వెనక పరిగెత్తగలిగే కుర్రాడొకడు కావాలి. క్వార్టర్‌బ్యాక్ అక్కర్లేదు. ఉన్నవాడు ఇవాళ పొద్దున నాలుగు గుడ్లు తిన్నాడు."

"ఆయన ఏం తిన్నాడో మీకెలా తెలుసు ఫ్రాంక్?"

"ఊళ్ళో అనుకుంటున్నారు."

రాయిస్ నవ్వి, తింటున్న గుడ్డు పక్కన పెట్టేవాడు. ఆ నవ్వునీ నేను గమనించాను. అంత తేలిగ్గా నవ్వే మనిషి కాడు.

ఈస్టరుకి ముందు వచ్చే తపస్సు కాలంలో శుక్రవారాలు మా చర్చి హాల్లో చేపల వేపుడు భోజనం ఉంటుంది. మార్చిలో ఒక శుక్రవారం రాయిస్ చేతికర్ర లేకుండా మొదటిసారి అక్కడికి వచ్చాడు. వరసలో నిలబడ్డవాళ్ళంతా పక్కకి జరిగి దారిచ్చారు. ఆడవాళ్ళు అతని కళ్ళలోకి చూసినట్టే చూసి మోకాలు చూశారు. మంగలి మార్విన్ పాష్కా తన పళ్ళెం పట్టుకుని మా బల్ల దగ్గరికొచ్చాడు.

"ఏరా కాజ్, ఈ ఏడు ఎవరిమీద పడదామనుకుంటున్నావ్?"

"నీ మీదే. ఎటూ నీకు పనిలేదు."

"నా మీద పడితే ఊరికేం నష్టం లేదులే. ఇతని మీద మాత్రం పడకు." రాయిస్ భుజం తట్టాడు. "మన జట్టు మేనేజరు మొన్న ఇండియానాలో ఒక కుర్రాడు బంతి విసురుతుంటే రెండు గంటలు చూశాడంట. ఊరికే చూశాడంటావా?"

బల్ల చుట్టూ నవ్వారు. రాయిస్ కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా. అతని చూపు మార్విన్ మీద లేదు. నా మోచేతుల మీద ఉంది. బెర్నీ అతని పళ్ళెంలో ఇంకో చేపముక్క వేసింది. అతను వద్దనలేదు, తినలేదు.

మేనేజరు సంగతి అతనికి ముందే తెలుసని ఆ రాత్రి నిర్ధారణకి వచ్చాను. తెలిసీ నాకు చెప్పడం లేదన్నమాట.

మరి జట్టుకి కబుర్లు ఎవరు మోస్తున్నారు? వారానికి మూడుసార్లు ఐలీన్ అనే ఆవిడ అతని చేత వ్యాయామం చేయించడానికి వచ్చేది. పని అయ్యాక కారులో కూర్చుని చాలాసేపు ఫోన్లో మాట్లాడేది. ఒకరోజు వెళ్ళి అద్దం మీద తట్టాను.

"ఎవరితో మాట్లాడుతున్నారు?"

"మీ జట్టుతో," అంది ఆవిడ ఫోను మూసి. "నాకు జీతమిచ్చేది వాళ్ళే కదా. ప్రతిసారీ చెబుతాను."

"ఏమని?"

"బాగుందని. అనుకున్నదానికన్నా ముందే బాగైంది. మీకు సంతోషంగా లేదా?"

ఉందన్నాను. ఆవిడ నన్ను కొంచెంసేపు చూసింది. "కండరాలూ ఎముకలూ నా పని," అంది. "నా పని దాదాపు అయిపోయింది." కారు బయల్దేరింది. దాదాపు అన్న మాట దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను.

ఆ వెంటనే రాయిస్ డాక్టరుకి చూపించుకొస్తానని అలబామా వెళ్ళాడు. బెర్నీ పల్చటి చొక్కాలు సర్దింది. మూడో రోజు తిరిగొచ్చాడు. పెదవులు చలిగాలికి పగిలి ఉన్నాయి. చెవులు కందిపోయి ఉన్నాయి. అలబామాలో ఆ వారం జనం చొక్కాలు విప్పుకు తిరుగుతున్నారని నాన్నే టీవీలో చూసి చెప్పాడు.

"ఎలా ఉందన్నాడు డాక్టరు?" అడిగాను.

"బాగుందన్నాడు."

"అక్కడ చలా?"

"విమానంలో చలి," అన్నాడు.

వేరే జట్టువాళ్ళ దగ్గరికి వెళ్ళొచ్చాడని అనుకున్నాను. ఏదో ఉత్తరాది ఊరు. తన దారి తాను చూసుకుంటున్నాడు. అలా అనుకోగానే విచిత్రంగా మనసు తేలికపడింది. అతను మోసం చేస్తున్నాడంటే మోకాలు బాగున్నట్టే కదా.

*

ఏప్రిల్ మొదట్లో పెరట్లో బంతి పట్టాం. గడ్డి ఇంకా పచ్చబడలేదు. బట్టలారేసే తీగ కింద నేను వంగాను. అతను వచ్చి వెనక నిలబడ్డాడు. కుడి చేతి వెన్ను నాకు ఆనింది. ఆరు నెలల తర్వాత ఆ బరువు. నా కళ్ళు తడయ్యాయి. వంగి ఉన్నాను కాబట్టి ఎవరికీ కనబడదు.

మొదటి బంతి బాగా అందింది. రెండోది అతని వేళ్ళకి తగిలి జారింది. మూడోది నేరుగా నేలమీద పడింది.

"తడి," అన్నాడు రాయిస్.

"బంతి పొడిగానే ఉంది."

"నా చేతులు తడిగా ఉన్నాయి."

తుడుచుకున్నాడు. మళ్ళీ నిలబడ్డాం. ఈసారి నేను కేక కోసం వినలేదు, చేతుల్ని విన్నాను. బంతి నా చేతిని వదలకముందే అతని చేతులు నన్ను వదిలేశాయి. కంటికి ఆననంత తేడా. బంతి వెళ్ళేసరికి అక్కడ పట్టుకునేవాళ్ళు లేరు.

అనుకున్నంతా అయిందనిపించింది. మోకాలు మొరాయిస్తోంది. అందుకే వెనక్కి వేసే అడుగు దొంగచాటుగా ముందే వేస్తున్నాడు. డాక్టర్లని, ఐలీన్‌ని, అక్కని, అందరినీ నమ్మించాడు. నన్ను నమ్మించలేడు.

అప్పటినుంచి అతని అడుగుల చప్పుడు వినడమే నా పనైంది. పై గదిలో పడుకుని కింద అతను నడుస్తుంటే వినేవాణ్ణి. రెండు కాళ్ళూ సమానంగా పడేవి. అంత సమానంగా నడుస్తున్నాడంటే జాగ్రత్తపడుతున్నాడన్నమాట. మామూలు మనిషి అంత సమానంగా నడవడు. నా నడక నేనే విని చూసుకున్నాను. నాది ఎడమవైపు ఈడుస్తుంది.

ఒకరోజు బెర్నీ వంటింట్లో పిండి ఒత్తుతూ, నేను వరండాలోకి మూడోసారి తొంగిచూడటం గమనించింది.

"నువ్వు ఆయన్ని చూస్తున్నావా, కాపలా కాస్తున్నావా?"

"నొప్పి దాస్తున్నాడు అక్కా."

"నొప్పుంటే నాకు తెలీదా? ఒకే మంచంమీద పడుకునేదాన్ని."

"అయితే ఇంకేదో దాస్తున్నాడు."

బెర్నీ చేతులు ఆగాయి. పిండి అంటిన వేళ్ళతో నుదుటిమీద జుట్టు వెనక్కి తోసుకుంది. నుదుటిమీద తెల్లటి గీత పడింది.

"ఆయన్నే అడుగు కాజ్."

"అడిగితే చెబుతాడా?"

"నువ్వు అడగవు," అంది బెర్నీ. "ఆ ఉల్లిపాయల గిన్నె ఇలా ఇవ్వు."

ఇచ్చాను. ఆవిడ కూడా వాళ్ళవైపే అని ఆ రోజు నుంచి లెక్కలోకి తీసుకున్నాను. వాళ్ళు అంటే ఎవరో మాత్రం నేను సరిగ్గా ఆలోచించుకోలేదు.

*

మా ఆటలో ఒక మర్యాద ఉంది. ఒకడి స్థానంలోకి కొత్తవాణ్ణి ఎంచుకోబోయేముందు, వాడు ఆ సంగతి టీవీలో చూడకుండా కోచ్ ఫోన్ చేసి చెబుతాడు. కొందరు కోచ్‌లు చెయ్యరు. మా కోచ్ చేసే మనిషే. అందుకని డ్రాఫ్ట్ జరిగిన రెండు సాయంత్రాలూ నేను టీవీ చూడలేదు. భోజనాల బల్లమీద, ఉప్పు డబ్బా పక్కన పెట్టిన రాయిస్ ఫోను చూశాను.

గురువారం మొదటి వంతులో మావాళ్ళు వెనక వరసలో పరిగెత్తే కుర్రాణ్ణి తీసుకున్నారు. నాన్న బల్ల చరిచాడు. "ఫ్రాంక్ చెప్పాడా లేదా?" రాయిస్ ఫోను మోగలేదు.

శుక్రవారం నాన్న క్యాబేజీ, సాసేజీలు వండాడు. ఇండియానా కుర్రాణ్ణి ఇంకా ఎవరూ తీసుకోలేదు. మా వంతు దగ్గర పడుతోంది. రాయిస్ ఫోను ఒకసారి వెలిగితే నేను ఫోర్కు కింద పెట్టాను. వాళ్ళమ్మ టెక్సాస్ నుంచి పంపిన కుక్క ఫోటో అది. బెర్నీ చూసి బాగుందంది. ఆవిడ కూడా ఏమీ తినడం లేదు.

మా జట్టు పేరు చదివారు. నాన్న టీవీ గొంతు పెంచాడు. వేదికమీద మనిషి కాగితం చూసి, డిర్క్ వాన్‌హోవ్ అన్నాడు. అయోవా కాలేజీ. సెంటర్.

"సెంటరా?" అన్నాడు నాన్న. "సెంటర్ దేనికి? మనకున్నాడుగా." ఫోర్కుతో నన్ను చూపించాడు, టీవీకి నేను కనబడటం లేదేమోనన్నట్టు.

టీవీలో ఎక్కడో ఒక ఇంట్లో ఒకావిడ ఏడుస్తూ కొడుకుని కావిలించుకుంటోంది. కొడుకు చాలా పెద్ద మనిషి. ఆవిడ చేతులు అతని చుట్టూ తిరిగి రావడం లేదు.

"వీడెలా ఆడతాడో ఏంటో," అన్నాడు నాన్న, ఎవర్నీ ఉద్దేశించకుండా.

"ఎడమ చేత్తో ఇస్తాడు," అన్నాడు రాయిస్. "మొదట కొంచెం వింతగా ఉంటుంది."

టీవీలో ఆ కుర్రాడి ఆట ఇంకా చూపించలేదు.

బెర్నీ ఆవాల ముద్ద ఉన్న గిన్నె నావైపు జరిపింది. నేను కొంచెం వేసుకున్నాను. సాసేజీ ముక్క కోసి తిన్నాను. నాన్న ఒకసారి అల్లుణ్ణి, ఒకసారి నన్ను చూసి టీవీ ఆపేశాడు. కాసేపటికి నాకు నా ఫోను గుర్తొచ్చింది. అది పైన, మంచం పక్కన, ఛార్జింగులో ఉంది. రెండు రోజులుగా నాకు దాంతో పని పడలేదు.

పైకెళ్ళి చూశాను. కోచ్ మూడుసార్లు చేశాడు. చివరిసారి, మేం పళ్ళేలు సర్దుకుంటున్నప్పుడు.

*

మర్నాడు పొద్దున రాయిస్ వరండా మెట్లమీద కూర్చుని ఉన్నాడు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆ మెట్టు మా ఇద్దరికీ చాలదు, అయినా కూర్చున్నాను.

"అయోవా వెళ్ళావు," అన్నాను.

"వెళ్ళాను."

"అక్కడ చేతులు ఆగాయా?"

అతను తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. "ఆగాయి. అదే నాకూ ఆశ్చర్యం. గాలికి చెవులు ఊడిపోతున్నాయి, ఆ కుర్రాడెవడో తెలీదు, అయినా ఆగాయి. నీ వెనక నిలబడితే నా మాట వినడం లేదు. బంతి పట్టకముందు కూడా, ఇంట్లో నువ్వు నా ముందు వంగితే చాలు, వెనక్కి పోయేవి. నేను పారిపోదామనుకోవడం లేదు కాజ్. అవి పారిపోతున్నాయి."

"నేను పడతానని."

"నాకు తెలీదు. అలా అనుకున్నట్టు కూడా నాకు గుర్తులేదు."

"నాతో చెప్పొచ్చుగా."

"చెబితే నువ్వు నన్ను బాగుచెయ్యాలని చూస్తావు. పొద్దున్నే పెరట్లోకి లాక్కెళ్తావు. బాగైనట్టు నేను నటించాల్సొస్తుంది." వంటింటి వైపు చూసి అన్నాడు, "బెర్నీ రోజూ చెప్పమంది. దాని తప్పేం లేదు."

"కోచ్‌కి నువ్వే చెప్పావా?"

"నేనే చెప్పాను."

అతని మోకాలు నా మోకాలికి తగులుతోంది. మచ్చ ఇంకా గులాబీ రంగులోనే ఉంది. నాకు కోపం రాలేదు. రావాల్సిన చోట వేరే ఆలోచన వచ్చింది. ఇదంతా అబద్ధమేమో. మోకాలు నిజంగానే బాగాలేదేమో. దాన్ని కప్పిపుచ్చడానికి నన్ను అడ్డు పెట్టుకుంటున్నాడేమో. ఆ ఆలోచనని నేను గట్టిగా పట్టుకున్నాను. అది నిజమైతే నా స్థానం ఇంకా ఎక్కడో మిగిలే ఉంటుంది.

మే నెలంతా దాన్ని పట్టుకునే ఉన్నాను. జట్టువాళ్ళు పిలిచి, కొత్తవాడు ఆడలేనినాడు నువ్వు దిగుతావు, పని నేర్పుతావు, ఇష్టముంటే ఉండు అన్నారు. ఆలోచించుకుంటానన్నాను. రేడియోలో జట్టు అవసరాల గురించి మళ్ళీ మాట్లాడుకున్నారు. సెంటర్ ఊసు ఎవరూ ఎత్తలేదు. ఒక మధ్యాహ్నం వంటింట్లో పళ్ళేలు కడుగుతుంటే ఫ్రాంక్ గొంతు వినబడింది.

"ఉన్న సెంటరు మంచివాడు," అంటున్నాడు. "తొమ్మిదేళ్ళు ఒక్క ఆట మానలేదు. ఆ సంగతి ఎవరూ అనరేం?"

"ఆ కుటుంబం మీద మీకు చాలా అభిమానం ఫ్రాంక్," అన్నాడు రేడియోలో మనిషి, మెత్తగా.

నాన్న ఫోను పెట్టేశాడు. గ్యారేజీ తలుపు చాలాసేపటికి గాని తెరుచుకోలేదు.

*

జూన్‌లో వాళ్ళు సొంత ఇంటికి వెళ్ళిపోయారు. బెర్నీ పెట్టెలు కారులో పెడుతోంది. నాన్న ఎక్కడ ఏది పెట్టాలో చెబుతూ అడ్డం తిరుగుతున్నాడు. నేను గ్యారేజీలోంచి బంతి తెచ్చాను.

"ఒక్కసారి నిలబడు," అన్నాను.

రాయిస్ బెర్నీ వైపు చూశాడు. ఆవిడ పెట్టెల వైపు చూసింది.

"దేనికి?"

"ఊరికే."

బట్టలారేసే తీగ కింద వంగాను. నేల ఎండిపోయి ఉంది. అతను వెనక వచ్చి నిలబడ్డాడు. చేతులు పెట్టాడు. బరువు సరిగ్గా, పాత రోజుల్లోలాగే ఉంది. ఒక్క క్షణం నా అనుమానాలన్నీ నావైపే మొగ్గాయి.

"సెట్," అని కేక మొదలెట్టాడు. గొంతు మామూలుగానే ఉంది. "హట్."

నేను బంతి కదపలేదు.

చేతులు వెళ్ళిపోయాయి. వెనక అతని అడుగులు వినబడ్డాయి. కుడికాలు, ఎడమకాలు, మళ్ళీ కుడికాలు. చివరి అడుగులో కుడికాలు నేలలోకి దిగబడి, పూర్తి బరువు మోసి, అతన్ని చటుక్కున తిప్పి నిలబెట్టింది. ఎక్కడా ఈడ్పు లేదు. జాగ్రత్త లేదు. ఆ అడుగుల్లో అనుమానించడానికి చోటే లేదు. విసరడానికి చెయ్యెత్తి, అప్పుడు చూసుకున్నాడనుకుంటాను, చేతిలో ఏమీ లేదని.

"ఏమైందిరా?" కారు దగ్గర్నుంచి నాన్న అడిగాడు. "ఎలా ఉంది?"

"బాగుంది నాన్నా," అన్నాను. "మోకాలు పూర్తిగా నయమైంది."

కారు తలుపు వేసిన చప్పుడైంది. బంతిని అలాగే నేలకి నొక్కిపట్టి ఇంకాసేపు వంగి ఉన్నాను. లేవడానికి తొందరేమీ లేదు. ఎదురుగా ఆపవలసినవాళ్ళెవరూ లేరు.